గుమ్మంలో తొమ్మిదో నంబరు చెప్పులు

చెల్లెలి కొత్త ఇంటికి తొలిసారి వచ్చిన అక్కకి, గుమ్మంలో మగ చెప్పుల జత చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఎవరివే? మాటమాత్రమైనా చెప్పలేదు!"

"ఎవరివీ కావక్కా. నేనే కొన్నాను."

"తొమ్మిదో నంబరా? మనిషి పొడుగే!"

"వేళాకోళం చాల్లే. సబ్బు కవర్లకి బొమ్మలేసుకునేదాన్ని, అమ్మకానికి పెట్టిన ఇళ్లని ఫొటోల కోసం సర్దే పనిలో పడ్డాను కదా. ఇంట్లో మనుషులున్నట్టు కనిపించాలంటే గుమ్మంలో చెప్పులు పెడతాం."

"ఇక్కడ ఫొటోలెవరు తీస్తారే?"

"ఎవరూ తీయరు."

"మరి?"

"రోజూ పొద్దున్నే కాస్త జరుపుతాను. కదలకపోతే ఈ చెప్పులాయన బయటికే వెళ్లనట్టుంటుంది."

అక్క వంగి చెప్పుల వంక చూసింది.

"ఒకటి బోర్లా పడిందేం?"

"ఇందాక వస్తూ నువ్వే తన్నావు."

"ఉండు, సరిచేస్తాను."

"వద్దక్కా, అలాగే ఉండనీ. ఈ ఇంట్లో అదొక్కటే నేను సర్దనిది."