గడ్డి గెలిచే వైపు

ఆ కలుపుమందు డబ్బా వీపున తగిలించుకుని వానలో ఎక్కడికే తల్లీ? ఇలా పాకలోకి వచ్చి కూర్చో. ఇప్పుడు కొట్టినా కడుక్కుపోతుంది. ఏంటీ, మేతపొలంలో వయ్యారిభామ కలుపు మళ్ళీ లేచిందా? పేరు చూడు, ఎంత ముద్దుగా పెట్టారో! ముట్టుకుంటే చేతులకి దద్దుర్లు, ఆవు తింటే పాలు చేదు. మా మేనత్తయితే పేరు పెట్టి పిలిచేదే కాదు, "ఆవిడ" అనేది. "ఒరేయ్, ఆవిడ కంచె దాటిందిరా" అని, అదేదో పక్కింటి మనిషి అయినట్టు. నువ్వు పుట్టకముందే పోయిందిలే అత్త. పొట్టి మనిషి, నా భుజం దాకా కూడా రాదు. కానీ ఇప్పటికీ తల్చుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది నాకు. మనిషేనా అనిపిస్తుంది.

అసలు ఆ మొక్కని పొలమంతా ఎక్కించింది కూడా అత్తే. నవ్వకు. కంచె పక్కన నాలుగు మొక్కలుంటే పీకి, పూతతో సహా పెంటకుప్పలో పడేసింది, మంచి ఎరువవుతుంది కదా అని. మరుసటి ఏడు ఆ ఎరువే మేతపొలమంతా చల్లించింది. వానలు పడ్డాక చూద్దుం కదా, ఎరువు పడ్డ చోటల్లా అదే, తెల్లగా పూసి! మన పాలు కొనేవాళ్ళేమో మందు చుక్క పడని మేత తిన్న ఆవుల పాలే తీసుకునేవాళ్ళు. మందు కొడితే పాలు కొనరు, కొట్టకపోతే మేత ఉండదు. ఎటు చూసినా ఆవుల మందని అమ్ముకోవడమే. మా నాన్న ఇదిగో, నీలాగే డబ్బా తగిలించుకుని వచ్చాడు. "అక్కా, ఒక్కసారి కొట్టేద్దాం, ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు. అత్త అరిచిందా, ఏడ్చిందా? అబ్బే! అప్పుడే పితికిన పాలబకెట్టు తెచ్చి ఆయన కాళ్ళ ముందు పెట్టింది. "ఇందులోనే పొయ్యరా తమ్ముడూ. మధ్యలో గడ్డికీ ఆవుకీ శ్రమ దేనికి?" అంది. నాన్న డబ్బా దింపేశాడు. దింపాడు గానీ, "నీ చేత్తో చల్లించావు, నీ చేత్తోనే పీకు. నేను మాత్రం నడుం వంచను" అన్నాడు. ఆయన పంతం నీకు తెలీదు, ఒకసారి మా అమ్మ మీద అలిగి వారం రోజులు కూరలో ఉప్పు లేకుండానే తిన్నాడు. సరే, ఏం చెప్తున్నాను? ఆ, పీకడం.

మనమైతే ఏం చేస్తాం? దట్టంగా ఉన్నచోటికి కొడవలి పట్టుకుని పోతాం. అత్త అటు కన్నెత్తి చూడలేదు. గడ్డి బాగా ఉన్న వైపు నుంచి మొదలుపెట్టింది, అక్కడొకటి ఇక్కడొకటి ఉన్నవాటిని లాగుతూ. వాన వెలవగానే, పూత రాకముందే, చేతులకి గోనెపట్టా చుట్టుకుని, వేరుతో సహా. ఖాళీ అయిన చోట గడ్డివిత్తనం చల్లేది. అది అల్లుకునేదాకా ఒక్క ఆవునీ అటు అడుగు పెట్టనిచ్చేది కాదు. అల్లుకున్నాక మరి కాస్త ముందుకి. "ఇలాగైతే నీ జన్మలో అవుతుందా అత్తా?" అన్నాను ఉండబట్టలేక. "నా జన్మతో దానికేం పనిరా? గడ్డి గెలిచే వైపు నిలబడి చెయ్యందిస్తున్నా, అంతే" అంది.

ఏళ్ళు గడిచాయి తల్లీ. చేతులు పొలుసులు లేచాయి, వంగిన నడుం మళ్ళీ నిలబడలేదు. కానీ ఆ గడ్డి నడిచింది! ఈ కళ్ళతో చూశాను. ఏటికేడు పచ్చిక ముందుకి, ఆ మొక్క వెనక్కి. ఒక్క ఆవునీ అమ్మలేదు మేము. ఒక్క మనిషి, రెండు చేతులు! పల్లపు మూల ఒక్కటి మిగిలి ఉండగా అత్త పోయింది.

సాగనంపి వస్తున్నాం, అప్పుడే వాన వెలిసింది. చూస్తే నాన్న పక్కన లేడు. పల్లపు మూల, ఉతికిన బట్టలతో బురదలో మోకాళ్ళ మీద కూర్చుని పీకుతున్నాడు. దట్టంగా ఉన్నచోట కాదు తల్లీ. గడ్డి వైపు నుంచి. ఆయనకెవరు చెప్పారు? అన్నేళ్ళూ చూస్తూనే ఉన్నాడన్నమాట...

ఆ గోనెపట్టాలు తలుపు వెనకున్నాయి చూడు. నాకూ ఒకటి ఇవ్వు. వాన వెలిసింది.