రాణి గల్మ దాటేదాకా

(2004. గౌలిపురలో పెళ్లిపత్రికలు, విజిటింగ్ కార్డులు చేసే చిన్న కంప్యూటర్ షాపు. షాపు నడిపే స్వరూప, బర్రెల కొట్టం గుండయ్య.)

“గట్ల గాదు బిడ్డా స్వరూపా! తెర మీద ఆ పేరు పైకెళ్లి ఎందుకు దుంకుతుంది? మా రాణి ఎన్నడన్న పైకెళ్లి దుంకిందా?”

“గుండయ్య బాపూ, అది బర్రె గాదు. బర్రె పేరు. అక్షరాలు ఎటుకెళ్లన్న ఒస్తయి.”

“ఎటుకెళ్లన్న ఎట్లొస్తయి? మా కొట్టంలకు బర్రెలు ఒచ్చే గల్మ ఎడమ దిక్కున్నది. ఎడమకెళ్లే రావాలె.”

“సరే, ఎడమకెళ్లి. ఫ్లై ఇన్ పెట్టిన, సూడు.”

“అగో! గంత ఉరుకుడా? కడుపుతోని ఉన్నది బిడ్డా అది!”

“అయితే క్రాల్ ఇన్. పాక్కుంట ఒస్తది.”

“పాకుడెందుకు, దానికి కాళ్లు లెవ్వా?”

“ఆ ఎఫెక్టు పేరే గట్లుంటది. సూస్తే నడిచినట్టే ఉంటది. స్పీడు వెరీ స్లో. ఇగో.”

“ఆ... గిట్ల! గిట్లనే నడుస్తది. నడుమ జెర ఆగాలె.”

“ఏడ ఆగాలె?”

“గల్మల. ఒక్క కాలు లోపట, ఒక్క కాలు బయట పెట్టి నిలవడ్తది. దానికి బుద్ధి పుట్టిందాక కదలదు. ఎనకున్న బర్రెలు ఆగుతయి, ఆటోలు ఆగుతయి. మొన్న బారాత్ ఆగలేదా? పెండ్లికొడుకు గుర్రం మీదకెళ్లి దిగి మా అరుగు మీద చాయ్ తాగిండు.”

“మరి గంగ, చుక్క, మల్లి ఎప్పుడు రావాలె?”

“రాణి దాటినంకనే. అది దాటకుంటే ఒక్కటి దాటదు.”

“దానికి గూడ సెట్టింగున్నది. ముందుది ఒచ్చినంకనే ఎనకది ఒస్తది.”

“ఆ కంప్యూటర్ చేసినోడు బర్రెల కాసినోడే అయ్యుంటడు.”

“బాపూ, గీ లొల్లంత ఎందుకు? మంచిగ దరఖాస్తు కొట్టిస్త. తాతల కాలం సంది పాలు పోస్తున్నం, మమ్ముల ఊరవతలికి తోలకుండ్రి అని.”

“కాయితమా? కొట్టాలు తీసేసే కమిటీల ఉన్నడే, ఆ రాధాకృష్ణమూర్తి సారు కాయితం మొఖం సూస్తలేడు. ‘రేపు కమిటీకి ఆఖరి రోజండీ గుండయ్యగారూ, తెర మీద కదిలితేనే మావాళ్లు చూస్తారండీ’ అన్నడు. రేపు మా కొట్టం తీసెయ్యాలె అంటే తీసేసినట్టే. రేపు ఏం తేలకుంటే కమిటీ మియాద్ అయిపోతది, మా జోలికి ఎవ్వరు రారు.”

“ఎరుకనే.”

“నీకెట్ల ఎరుక?”

“పేపర్ల... పేపర్ల ఒచ్చింది గదా. చుక్కకు ఏం పెట్టమంటవ్?”

“చుక్క కుంటుతది. కుంటేది ఉంటే పెట్టు.”

“కుంటేది లేదు. బౌన్స్ ఉన్నది, ఎగిరెగిరి పడ్తది. ఇగో.”

“అరె వా! అచ్చం చుక్కనే! ఇగ బయటికి పోయేది పెట్టు.”

“బయటికి పోయేది లేదు.”

“లేకుంటెట్ల? కొట్టంలకు ఒచ్చినయి బయటికి పోవద్దా?”

“నా కంప్యూటర్ల లేదు బాపూ. మల్లికి ఏం పెడ్దాం?”

“ఎందుకు లేదు? జహనుమా బస్తీల బాలనర్సింహ కొట్టం పేరు పోలే? కమిటీ ఆఫీసుల మమ్ముల బయట బల్ల మీద కూసోబెట్టిర్రు. తలుపు సందులకెళ్లి సూసిన. తెర మీద పేరు గిర్ర గిర్ర తిరిగి ఎగిరిపాయె. సార్లందరు చప్పట్లు! ఆ వారంలనే ఆయన బర్రెలు పాయె. పేరు పోతే బర్రెలు పోయినట్టే బిడ్డా.”

“ముందుగాల చప్పట్లు కొట్టింది సార్లు గాదు. కంప్యూటర్.”

“ఏంది?”

“ఎఫెక్టుకు సౌండ్ గూడ పెట్టొచ్చు. చప్పట్లు ఇనవడంగనే, కొట్టం తీసేసుడు పాసయిపోయిందేమో అనుకోని పెద్దసారు కొట్టిండు. ఆయన కొట్టంగనే అందరు కొట్టిర్రు. గంతే. ఫైసలా అయిపోయింది.”

“గదంత నీకెట్ల ఎరుక?”

“మల్లికి...”

“మల్లిని ఆడనే ఉండనీ! నీకెట్ల ఎరుక?”

“నేను లోపటున్న బాపూ.”

“లోపటా?”

“సారు స్లైడ్లు చేసేది గూడ నేనే. ఆ తిప్పుడు, ఆ చప్పట్లు... నేనే పెట్టిన. మంచిగుంటదని పెట్టిన. బర్రెలు పోతయని నాకేం ఎరుక? ఆ దినంకెళ్లి జహనుమా దిక్కు పోతలేను. శరమయితుంది.”

“అంటే రేపటియి గూడ...”

“చేసిన. పొద్దుగాలనే. సారు గీ కుర్సీలనే కూసున్నడు.”

“నేను కూసున్న కుర్సీలనా? జెప్పకపోతివి, నిలవడుదును!”

“బాపూ...”

“మా కొట్టం పేరు ఎటు పోతది?”

“కుడి దిక్కు. ఫ్లై అవుట్.”

“ఎంత జల్ది?”

“వెరీ ఫాస్ట్.”

“నా సేతులతోని మీ ఇంటికి పాలు పోసిన స్వరూపా! తీసెయ్ దాన్ని!”

“నా కాడ లేదు. ఫ్లాపీల ఏస్కోని పోయిండు.”

“అయితే అయిపోయింది. ఇగ ఆ రాణి ఎటుకెళ్లి నడిస్తే ఏంది? బందు చెయ్ బిడ్డా కంప్యూటర్.”

“కూసో బాపూ. పేరు దానంతట అది పోదు. మౌస్ నొక్కితేనే పోతది.”

“నొక్కుతరు. నొక్కక ఏం చేస్తరు?”

“రాధాకృష్ణమూర్తి సారుకు మౌస్ పట్టరాదు. అటు జరుపుమంటే ఇటు జరుపుతడు. మాట్లాడేది ఆయన. ‘ఊ, కానీయమ్మా’ అంటడు. అప్పుడు ఇంకొకరు నొక్కుతరు.”

“ఎవ్వరు?”

“రాణి నడుమ ఎంతసేపు ఆగాలంటివి?”

“మాట మార్చకు. బాలనర్సింహ పేరు నొక్కిందెవ్వరు?”

“నేనే.”

“రేపు?”

“రేపు గూడ నేనే.”

“నువ్వు నొక్కకుంటే సారు ఊకుంటడా? మల్ల నీకు పనిస్తడా?”

“ఇయ్యడు. పత్తర్‌గట్టిల ఇంకో షాపు సూస్కుంటడు.”

“మరి?”

“మరేంది బాపూ! రేపు మియాద్ అయిపోయేదాక నేను గూడ రాణి తీరుగ గల్మల నిలవడ్త. ఎవ్వరు కదిలిస్తరో సూద్దాం.”