అయిదో ఇన్నింగ్‌లో ఫోన్ ఎత్తిన విమలకుమారి గారు

శ్రీమతి విమలకుమారి గారు 1971 ఆగస్టు 16వ తేదీన డెట్రాయిట్‌లోని మన రేడియో స్టేషన్‌లో టెలిఫోన్ ఆపరేటరుగా చేరారు. ఈ డిసెంబరు 31న, అంటే 1987తోపాటే, పదవీ విరమణ చేస్తున్నారు. వచ్చే ఏప్రిల్‌లో బేస్‌బాల్ సీజను మొదలైన రోజున వారి బల్ల మీది ఫోన్ మోగుతుంది, ఎత్తేవాళ్ళు ఉండరు. ఈ వ్యాసం రాస్తున్న రేణుకి ఇప్పుడు అన్నింటికంటే పెద్ద భయం ఇదే. ఇంటర్ సగంలో ఆగిపోయిన చదువుతో ఇంతటి వ్యక్తిని గురించి రాయబూనడం సాహసమే. అయినా స్టేషన్ వారు వేస్తున్న వీడ్కోలు సావనీర్‌లో ఒక పేజీ తెలుగులో ఉండాలని నర్సాపురంలోని వారి బంధువులూ, ఇక్కడికి దగ్గరి ఊరైన ట్రాయ్ తెలుగు చర్చి వారూ కోరినందువల్లా, స్టేషన్‌లో తెలుగు రాయగలిగిన మరో మనిషి లేనందువల్లా, పక్క కుర్చీలో కూర్చునే రేణుయే కలం పట్టవలసి వచ్చింది.

కాకినాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన అనుభవంతో, ఇక్కడి ఆసుపత్రి లేబరేటరీలో ఉద్యోగం వచ్చిన భర్త జోసఫ్ గారి వెంట వచ్చిన విమలకుమారి గారు, కొత్త దేశంలోనూ అదే హెడ్‌ఫోన్ తలకు తగిలించుకున్నారు. కొన్నాళ్ళకు మన స్టేషన్ వారు బేస్‌బాల్ ప్రసారంలో, తొమ్మిది ఇన్నింగ్‌ల ఆటకు నడిమిదైన అయిదో ఇన్నింగ్‌లో, వ్యాఖ్యాతల పక్కన ఒక అతిథిని కూర్చోబెట్టి మాట్లాడించే ఏర్పాటు చేశారు. మేయర్లు, హోటలు యజమానులు, టీవీ నటులు వచ్చేవారు. వారు పలికిన ప్రతి ముక్కనూ శ్రోతలు భూతద్దం పెట్టి వినేవారు. అయిదో ఇన్నింగ్ మొదలైందంటే ఫోన్ లైన్ల దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగేవి.

"మీ మేయరు ఎప్పుడైనా బ్యాటు ముట్టుకున్నాడా?"

"ఇప్పుడు కొట్టినవాడి పేరు కూడా తెలీనివాణ్ణి ఎక్కణ్ణుంచి పట్టుకొచ్చారమ్మా?"

విమలకుమారి గారు ఒక్కరినీ హోల్డ్‌లో పెట్టి మరిచిపోలేదు. "తిట్టాడంటే విన్నాడన్నమాటేగా రేణూ! విననివాడికి కోపమెందుకొస్తుంది?" అనేవారు. 1979లో జోసఫ్ గారు ప్రభువునందు నిద్రించిన తరువాత కూడా, నెల తిరగకుండానే వచ్చి అదే కుర్చీలో కూర్చున్నారు.

రేణు 1982లో చేరింది. భర్త శ్యామ్‌సుందర్‌ని కార్ల కంపెనీ లేఆఫ్ చేసిన రోజులవి. పసిపిల్ల మీనాను పక్కింట్లో వదిలి వచ్చేది, మాటిమాటికీ ఫోన్ చేసి పాప ఊపిరి పీలుస్తోందా అని అడిగేది. "నీ కూతురు పీలుస్తూనే ఉంది గానీ, ముందు నువ్వు కాస్త పీల్చుకో అమ్మాయ్" అని విమలకుమారి గారు కాఫీ కప్పు చేతిలో పెట్టేవారు.

మరుసటి ఏడు జులైలో ఒక ఆదివారం మధ్యాహ్నం, స్పాన్సరు పంపిన టీవీ హాస్యనటుడొకరు అతిథిగా మైకు ముందు కూర్చున్నారు. ఉన్నట్టుండి జనం హోరెత్తారు. ఆయన, "ఓహో, అటు చూడండి! నా జన్మలో ఇలాంటిది చూడలేదు!" అని పగలబడి నవ్వారు. వ్యాఖ్యాతలూ నవ్వారు. ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు, ప్రకటనలు వచ్చేశాయి.

ఫోన్ మోగింది. డెట్రాయిట్‌ను ఆనుకునే ఉన్న హాంట్రామిక్‌లో ఒంటరిగా ఉండే స్టాన్లీ. కార్లకు రంగులు వేసి రిటైరై, చక్కెర జబ్బుతో చూపు పోగొట్టుకున్న మనిషి. ప్రతి ఆటకూ ఫోన్ చేసి గెస్టుల తప్పులు ఏకరువు పెట్టేవారు. ఆవేళ మాత్రం గొంతు తగ్గించి అడిగారు. "అమ్మా, ఆయన చూడమన్నాడు. నేను చూడలేను. ఏమైందో చెప్తారా?"

"నాకూ తెలీదు స్టాన్లీ. లైన్‌లో ఉండు, కనుక్కుంటా."

వెనకే నిలబడి వింటున్న అప్పటి ప్రోగ్రాం మేనేజరు, "స్పాన్సరు గెస్టు జోలికి పోకండి. ఆ ముసలాయనది రోజూ ఉండే గొడవే. పెట్టేయండి" అన్నారు.

విమలకుమారి గారు లేచారు. రేణు చెయ్యి పట్టుకుంది. "ఆంటీ, వద్దు! ఇద్దర్నీ తీసేస్తారు. మావారికి జాబ్ లేదు, నాది కూడా పోతే పాపకి పాలెట్లా?"

"చేసేది నేను. నీ జాబ్‌కి ఏం కాదు. ఈ ఫోన్ పట్టుకో, స్టాన్లీని వదలకు."

కంట్రోల్ రూమ్‌లోకి నడిచి, మైదానంలోని వ్యాఖ్యాతల బూత్‌లో ఉన్నవారి చెవికి వినబడే బటన్ నొక్కి అన్నారు: "అయ్యా, మీరు చూశారు. మేం చూడలేదు. ఏమైందో చెప్పండి."

ప్రకటనలు అయ్యాక ఆ నటుడు నవ్వు ఆపుకుని చెప్పారు. పట్టబోయిన బంతి ఆటగాడి చొక్కాలో దూరిపోయిందట, అది తెలియక ఆయన గడ్డంతా వెతుకుతుంటే, ఇద్దరు పరుగెత్తి రెండు పరుగులు చేసేశారట. స్టాన్లీ ఎంత నవ్వారంటే రేణు రిసీవరు చెవికి దూరంగా పట్టుకోవలసి వచ్చింది. ఆయన నవ్వడం ఆమె వినడం అదే మొదలు.

"మీకు రావలసిన సూపర్‌వైజరు పోస్టు ఇక రాదు" అన్నారు మేనేజరు.

"ఆ ముక్క రాసివ్వండి. ఏమైందని అడిగినందుకు ఇవ్వలేదని రాయండి."

ఆయన రాసివ్వలేదు. పోస్టూ ఇవ్వలేదు. ఆపరేటరుగా చేరిన విమలకుమారి గారు ఆపరేటరుగానే విరమిస్తున్నారు. సావనీర్‌లో ఇలాంటివి వేయడం మర్యాద కాదని ఒకరిద్దరు సెలవిచ్చారు. రేణు వేస్తోంది. ఆ పోస్టు రాకపోవడం వారికి తలవంపు కాదు గనుక దాచవలసిన అవసరం లేదు.

ఆ తరువాత అయిదో ఇన్నింగ్ దాటినా స్టాన్లీ ఫోన్ రాకపోతే వీరే చేసేవారు. రెండేళ్ళ క్రితం ఒకసారి ఎంత మోగినా ఎత్తకపోతే, బల్ల రేణుకి అప్పగించి, కారు తీసుకుని వెళ్ళిపోయారు. వంటగదిలో జారిపడి, లేవలేక, పక్కన రేడియో మోగుతుండగా ఉన్నారాయన. తలుపు తీయించి లోపలికి వెళితే ఆయన మొదట అన్న మాట: "ఇవాళ్టి గెస్టు స్కోరు తప్పు చెప్పాడమ్మా, చూశారా?"

కొత్త సీజను నుంచి శ్రోతల ఫోన్లకు మెషీన్ పెడదామని ఆఫీసువారు మొన్న మీటింగులో అన్నారు. మీటింగుల్లో నోరు విప్పని రేణు లేచి, "మెషీన్ వెళ్ళి తలుపు కొడుతుందా?" అని అడిగింది. బల్ల ఉంటుందన్నారు, రేణుయే కూర్చోవాలన్నారు. కూర్చుంటుంది. కాకపోతే ఏప్రిల్‌లో ఆమెకు రెండో కాన్పు, జూన్ దాకా పనికి రావడం కుదరదు. సంగతి తెలిసి విమలకుమారి గారు కూతురింటికి ప్రయాణం మానుకుంటానన్నారు. రేణు ఒప్పుకోలేదు. "మీరు లూసీ దగ్గరికి వెళ్ళండి ఆంటీ. మిగతాది మేం చూసుకుంటాం."

నార్త్ కెరొలైనాలో కుమార్తె లూసీ ఇంట, మనవల అల్లరి నడుమ, విమలకుమారి గారు నిండు ఆరోగ్యంతో చిరకాలం జీవించాలనీ, ఇన్నేళ్ళూ ఇతరుల గొంతులు విన్న వారి చెవులకు ఇకపై శుభవార్తలే వినబడాలనీ ప్రభువును ప్రార్థిస్తున్నాం.

ఈ పేజీ చదువుతున్న ట్రాయ్ తెలుగువారికి ఒక మనవి. ఏప్రిల్, మే నెలల్లో ఆట ఉన్న రోజున, అయిదో ఇన్నింగ్ అయ్యాక స్టాన్లీకి ఎవరైనా ఫోన్ చేయండి. నంబరూ చిరునామా చర్చిలో ఆనందబాబు గారి దగ్గర ఉన్నాయి. స్టాన్లీ గెస్టుని తిడితే పూర్తిగా వినండి. ఎత్తకపోతే మాత్రం ఆలోచించకండి, కారు తీయండి. ఆయనది మేడ మీది వాటా, ఇంటికి పక్కవైపున్న తలుపు. గట్టిగా కొట్టండి, లోపల రేడియో మోగుతూ ఉంటుంది.