నూనె వేలి పరీక్ష

సీసాలు కడగాలి, ఎండబెట్టాలి, అమ్మకానికి గోంగూర పచ్చడి నింపాలి, ఈ పూటే లేబుళ్లు ఎంచుకోవాలి. జనక్‌పురిలోని వంటింట్లో భవ్యశ్రీ రెండు లేబుల్ నమూనాలు తల్లి కాంతమ్మ ముందు పెట్టింది.

"ఇది ఇంక్‌జెట్ అమ్మా, సిరాతో అచ్చేసింది. ఎంత మెరుస్తోందో చూడు."

"ఏదీ, ఇలా ఇయ్యి."

"అయ్యో, నూనె చేత్తోనా!"

"కొన్నవాళ్లు చేతులు కడుక్కుని పట్టుకుంటారటే? చూడు, తేదీ చెదిరిపోయింది."

"పోయినసారి షాపువాళ్లు సీసాలు వాపస్ పంపింది ఇందుకే! ఈసారీ ఇలాగే అయితే మళ్లీ తీసుకోరు."

"రెండోదో?"

"లేజర్. సిరా ఉండదు, రంగుపొడిని కరిగించి అంటిస్తారు."

"రుద్దినా కదల్లేదు. ఇదే వేయించు."

"డిగ్రీ చదివినా, ఇలా రుద్ది చూడాలని నాకు తట్టలేదమ్మా."

"చదువుకున్నదానివి, నీ వేళ్లు శుభ్రంగా ఉంటాయి మరి!"

ఆ లేబుల్ మీద కాంతమ్మ పేరు లేదు. జిడ్డు చేత్తో పట్టుకున్నా తేదీ చెదరకుండా కనబడితే, ఆమెను ఒక్కసారి తలచుకోండి.