బూజు కాదది, అత్తయ్యా

మళ్ళీ బూజంటారేంటి అత్తయ్యా! కాదని ఇందాకట్నుంచి మొత్తుకుంటున్నానా! మూడు బకెట్ల మట్టిలోనూ మరుగు నీళ్ళు పోశారు, సరే. పైగా పసుపు కూడానా? ఆవకాయ జాడీ అనుకున్నారా ఏంటి?

అలా మొహం చిన్నబుచ్చుకోకండి. మిమ్మల్ని అనట్లేదు. అంటున్నాననుకోండి, అయినా సరే. ఈ ఫ్రీమాంట్‌లో కారు లేందే గడప దాటలేరు. పొద్దస్తమానం మీరు మాత్రం ఏం చేస్తారు? కిచెన్ అయింది, బాత్రూంలయ్యాయి, ఇవాళ గరాజ్ మీద పడ్డారు. ఆఫీస్‌లో చోటు లేదని ఇక్కడ పెట్టానే, నన్ననుకోవాలి.

కూర్చోండి, చెప్తాను. అది ఓక్ చెట్ల కింది మట్టి. ఆ కొండ మీద పాత అడవి ఉండేది, ఇప్పుడు ఇళ్ళు కడుతున్నారు. బుల్‌డోజర్లు రాకముందే పోయి తవ్వి తెచ్చుకున్నాను. మీరు బూజన్న ఆ తెల్లటి దారాలున్నాయి చూశారూ, వాటికి ప్రాణముందండీ. మొక్క వేళ్ళని పట్టుకుని, ఎక్కడెక్కడి నీళ్ళూ సత్తువా తెచ్చి పెడతాయి. మొక్క వాటికి తిండి పెడుతుంది. అవి ఉంటేనే మళ్ళీ ఇక్కడి అడవి లేస్తుంది, గాల్లో కార్బన్‌ని లాగి మట్టిలో దాచుకుంటుంది. కార్బనంటేనా? మన కార్లు వదిలే పొగ అనుకోండి.

అవి లేకపోతే మొక్క చస్తుందా అంటారా? చావదులెండి. కొన్నాళ్ళు పచ్చగానే కనబడుతుంది. ఎదగదంతే.

ఇంకో చోట తవ్వుకోవడానికి ఎక్కడండీ, ఆ కొండే లేదిప్పుడు! రేపు పొద్దున్నే ఆ మట్టి వేసి మొక్కలు నాటాలి. అడవులు పెంచడమే మా కంపెనీ పని, అందులో నా ప్రాజెక్ట్ మొత్తం ఆ మూడు బకెట్ల మీదే ఉంది.

ఛ, మీరెందుకు ఏడవడం? ఒక మాట చెప్తాను, మీ అబ్బాయితో అనకండి. చల్లకొచ్చి ముంత దాచడం ఎందుకు గానీ... ఇందాక ఆ ఆవిర్లు చూసి, మట్టిలో చెయ్యి పెట్టానా, చుర్రుమంది. నాకు ఏడుపు రాలేదండీ. హమ్మయ్య అనిపించింది! ఒట్టు!

ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డ్ కోసం ఈ కంపెనీ చూరు పట్టుకుని వేలాడుతున్నాను. మీ అబ్బాయేమో నా వీసా మీదున్నాడు, ఇక్కడ ఉద్యోగం చేయకూడదు. అంత చదువూ చదివి ఇంట్లో కూర్చున్నాడు. నా అంతట నేను మానేస్తే, అందరి నోటి దగ్గర కూడూ నేను పడగొట్టినట్టేగా? అదే వాళ్ళే పొమ్మన్నారనుకోండి! ఎవరి తప్పూ కాదు. హాయిగా సూట్‌కేసులు సర్దుకుని మన ఊరు వెళ్ళిపోవచ్చు. ఆ క్షణంలో మీ కాళ్ళకి దణ్ణం పెడదామనిపించింది.

అందుకేగా పరిగెత్తుకెళ్ళి మా బాస్‌కి ఫోన్ చేసింది! గ్రెగ్, మట్టి చచ్చిపోయింది, ఇక దీంతో నాటినా లాభం లేదు, తప్పు నాదే అని చెప్పేశాను. మీ పేరు ఎత్తలేదు, భయపడకండి. ఇప్పుడు పొమ్మంటాడు, ఇప్పుడు పొమ్మంటాడు అని ఎదురుచూశాను.

నవ్వాడండీ! దానికేముంది, అదే వేసి నాటెయ్ అన్నాడు. ఇంత కార్బన్ దాచామని డబ్బిచ్చిన వాళ్ళకి లెక్కలు ఎప్పుడో ఇచ్చేశారట. ఆకు పచ్చగా ఉంటే చాలట, మట్టి లోపల ఎవడు తవ్వి చూస్తాడన్నాడు. నాలాంటి సిన్సియర్ మనిషి మళ్ళీ దొరకదని మెచ్చుకున్నాడు కూడాను. నా వీసా ఎక్స్‌టెన్షన్ మీద ఇవాళే సంతకం పెట్టాడట!

ఏంటలా చూస్తారు? సంతోషించండి, కోడలి ఉద్యోగం నిలబడింది. సాయంత్రం మీ అబ్బాయి సేమ్యా పాయసం చేయమంటాడు చూడండి.

సరే, ఆ పసుపు చేతులు కడుక్కుని రండి. ఈ బకెట్ అటు పట్టండి, కార్లో పెడదాం. మెల్లిగా అత్తయ్యా, తడిసి బరువెక్కింది.