ఐవర్ గెమ్మెల్ సముద్రాన్ని తోడిన రోజు

ఐవర్ గెమ్మెల్‌ని సమాధి చేసి వచ్చి, గ్రీనాక్ రేవు పక్కన లాక్లన్ పబ్బులో కూర్చున్నాం. మాంసం కూరి కాల్చిన రొట్టెలు వడ్డించారు గానీ ఎవరికీ తినబుద్ధి కాలేదు. ఐవర్ పంపుల ఫ్యాక్టరీలో మొదటినుంచీ ఉన్న ఫిట్టరు ఫెర్గస్ గ్లాసందుకుని మొదలెట్టాడు.

"మీకందరికీ ఆయన ఫ్యాక్టరీ ఓనరు. నాకు మాత్రం ఐవర్ ఓడల యార్డులో ఇంజనీరుగా ఉన్నప్పట్నుంచీ తెలుసు. తమ్ముడు రోరీ పడవ ఆర్రన్ దీవి దగ్గర మునిగిందా, పంపుకి చేప పొలుసులు అడ్డంపడి నీళ్లు తోడలేకే మునిగిందా, ఇక యార్డు మొహం చూడలేదు. చేపలకి ఉప్పు పట్టించే పాత షెడ్డొకటి తీసుకుని, ఏది అడ్డంపడినా ఆగని పంపు చేస్తానన్నాడు. మొదటి పంపుకి మొదటి బోల్టు బిగించిందెవరు? ఈ చెయ్యే."

"అది నిజమే," అన్నాడు లాక్లన్. "ఆ పంపు వల్లే మా నాన్న పడవ ఒడ్డుకొచ్చింది. నార్వే వాళ్లు కూడా కొన్నారు."

"ఆ బోల్టు బిగించాక ఏమైందో తెలుసా? పంపుని నీళ్ల పీపాలో పెడితే ఒక్క గుటకలో తాగేసింది. సరే చూద్దామని రేవులో దించాం. టీ తాగి వచ్చేసరికి ఓడలన్నీ బురదలో పడుకున్నాయి. రేవు అధికారి ప్యాంటు పైకి మడుచుకుని మా వెంటపడ్డాడు."

"పోయినసారి గుర్రం మీద వచ్చాడన్నావే బాబాయ్?" అన్నాను.

"గుర్రం బురదలో దిగబడింది, అందుకే ప్యాంటు మడిచాడు. మధ్యలో అడ్డురాకు. ఐవర్ మాత్రం నవ్వలేదు. దీన్ని ఆర్రన్ దగ్గరికి తీసుకెళ్దాం అన్నాడు. తీసుకెళ్లి తిప్పామా, సముద్రం దిగిపోవడం మొదలైంది. తిమింగలాలు కొండెక్కి కూర్చున్నాయి. మా వైపు నీళ్లు తోడేస్తున్నారని ఐర్లండు వాళ్లు గోల. ఆఖరికి సముద్రపు అడుగు తేలింది. నిచ్చెనేసుకుని దిగాం. నాచులో పడుతూ లేస్తూ నడిచాం. అదిగో, రోరీ పడవ. లోపల రోరీ, పొడి బట్టల్లో, పొగాకు పైపు వెలిగించుకుని కూర్చున్నాడు. ఇంతసేపు చేశావేం అన్నయ్యా, అన్నాడు. ఐవర్ తమ్ముడి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ అలాగే నడుచుకుంటూ ఒడ్డుకొచ్చేశారు."

ఎవరూ నవ్వలేదు. కిటికీ దగ్గర కూర్చున్న ఎఫీ, రోరీ భార్య, చేతిలోని కప్పు కింద పెట్టింది.

"ఫెర్గస్, మా బావగారు ఒంట్లో ఓపికున్నన్నాళ్లూ ఆదివారమొస్తే అక్కడికే వెళ్లేవారు. అరచేతులు చీరుకుపోయేదాకా కొక్కేలేసి అడుగంతా గాలించేవారు. ఒక్క బూటైనా దొరకలేదు. ఇవాళ మీరందరూ చూసిన సమాధి రాయి మీద ఇద్దరి పేర్లూ ఉన్నాయి. కింద ఉన్నది ఆయనొక్కరే."

ఫెర్గస్ టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నోటి దురద, ఎఫీ. నువ్వున్నావని చూసుకోలేదు," అన్నాడు.

ఆమె కుర్చీ లాక్కుని వచ్చి అతని పక్కన కూర్చుంది. 

"మా ఆయనకి పైపు అలవాటు లేదు," అంది. "అది తీసెయ్. నిచ్చెన దిగిన దగ్గర్నుంచి మళ్లీ చెప్పు."