మూడు తీసి సున్నా

ఫిన్లండ్‌లోని తాంపెరెలో, పోయిన నెల చనిపోయిన ఒస్మో గదిలో, అతని అక్కా స్నేహితుడూ అతను కంప్యూటర్లో రాసిన, మాటలు టైపు చేస్తూ ఆడే అక్షరాల ఆట ముందు కూర్చున్నారు.

"వంటింటి సీను తెరుచుకోదేం?"

"వరసగా మూడు రోజులు నువ్వు ఆటలోకొచ్చి తలుపు కొడితేనే తెరుచుకోవాలని షరతు పెట్టాడక్కా."

"ఈ ఆట నాకు ఆరేళ్ల కిందట పంపాడు. ఒక్కసారీ తెరవలేదు నేను. రేపు గది ఖాళీ చెయ్యాలి. ఆ మూడు తీసి సున్నా పెట్టు."

"దొంగదారి అంటాడు వాడు."

"అననీ. వాడితో తిట్లు తిని ఎన్నాళ్లయిందో."

"పెట్టాను. చదువు."

"'వచ్చావా అక్కా, కాఫీ కాస్తున్నా.' ఇప్పుడేం టైపు కొట్టాలి?"

"నీ ఇష్టం."

"'క్షమించు' అని కొట్టాను. 'ఆ మాట నాకు తెలియదు' అంటోంది."

"వాడు నేర్పని మాటలన్నిటికీ అదే అంటుందక్కా."

"అయితే నువ్వు నేర్పు."

"మాటంటే నేర్పుతాను. వాడి జవాబు ఎవరు రాస్తారు?"